పడిశం పదిరోగాల పెట్టట! మరి పది మందులో?



పడిశం పదిరోగాల పెట్టు అన్నారు పెద్దలు. ఆ సామెతను మనవాళ్లు ఎలా గ్రహించారో గానీ, పది రోగాలకు పది మందులూ ఒక్కసారే మింగాలని తీర్మానించుకున్నట్టున్నారు. నుదురు బరువెక్కగానే మందుల షాపుకు పరుగు. "జలుబు, తలనొప్పి" అన్న రెండు మాటలకు అక్కడి కుర్రవాడు మూడు రకాల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తాడు. వాటి పేర్లు అతడు చెప్పడు, మనం అడగం. విభక్తి ఒకటి తప్పితేనే ఎర్రసిరాతో దిద్దిన చేయి ఇది. ఈ తప్పును దిద్దక ఎలా ఊరుకుంటుంది?

ముందు ఆ నొప్పి ఎక్కడిదో చూద్దాం. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. వాటిలో రైనోవైరస్‌లది అగ్రస్థానం. వాటితో పోరులో ముక్కు లోపలి పొర వాస్తుంది. నుదుటిలోను, చెక్కిళ్ల వెనుకను ఉండే గాలి గదులకు, అనగా సైనసులకు, ముక్కులోకి ఉన్న సన్నని ద్వారాలు ఆ వాపుతో మూసుకుపోతాయి. వంగితే తల బరువెక్కడం అందుకే. జ్వరం, నిద్రలేమి, చాలినంత నీరు తాగకపోవడం దానికి తోడవుతాయి. కనుక ఇది వేరొక రోగం కాదు, జలుబుకు నీడ. జలుబు పోతే నీడా పోతుంది.

యాంటీబయాటిక్ బాక్టీరియాపై పనిచేస్తుంది. వైరస్‌ను ఏమీ చేయలేదు. "మూడు రోజులు వేసుకున్నాను, తగ్గింది" అనేవారికి నా మనవి: జలుబు రెండు మూడు రోజులు ముదిరి, ఆపైన తనంత తానే తగ్గుముఖం పడుతుంది. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ తర్కం మీది! చాలీచాలని మోతాదు క్రిములను మొండివిగా మారుస్తుందని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే 1945 నాటి నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు. మన దేశంలో పలు యాంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మకాన్ని పుస్తకంలో నమోదు చేయాలని 2014 నుండి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉన్నది. చట్టం వచ్చింది, అడిగే మనం మారలేదు.

ఇక జలుబు మాత్రలు. వాటిలో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. తలనొప్పికని పైన మరొక పారాసెటమాల్! ఆరోగ్యవంతులైన పెద్దలకే రోజుకు 4 గ్రాములు హద్దు; మించితే కాలేయానికి ముప్పు. ముక్కుదిబ్బడకని అందులో కలిపే ఫినైల్‌ఎఫ్రిన్‌ను నోటిద్వారా తీసుకుంటే ఫలితం లేదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ముక్కులో వేసుకునే దిబ్బడ చుక్కలు మూడు నాలుగు రోజులు మేలే చేస్తాయి. వారాల తరబడి వేస్తే ఆ మందే దిబ్బడకు కారణమవుతుంది. ఆ పాఠం నేను నా ముక్కుతోనే నేర్చుకున్నాను.

"అయితే అమ్మమ్మ వైద్యమే గొప్పంటారా పంతులుగారూ?" అనకండి. అక్కడా నాకు పేచీయే. మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి పసివాళ్లను కూర్చోబెడితే ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. శొంఠి పట్టు చర్మాన్ని మండిస్తుంది, సైనసు ద్వారాన్ని తెరవదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం రాబడి తెలుగు పత్రికారంగాన్ని పోషించింది. అందుకు వారికి నమస్సులు. అయినా లేపనాల చల్లదనం ఊరటే గాని చికిత్స కాదు.

మరి చేయవలసిందేమి? విశ్రాంతి, వేడి మిరియాల చారు, తగినన్ని నీళ్లు. కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి ముక్కు శుభ్రపరచుకోవడం. తల కాస్త ఎత్తు పెట్టి పడుకోవడం. నొప్పి భరించలేకుంటే పెద్దలకు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్ర. పిల్లలకు మోతాదు బరువును బట్టి వైద్యుడే చెప్పాలి. ఆస్పిరిన్ వారికి పనికిరాదు.

మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, కంటిచుట్టూ వాచినా, నొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పది రోజులు దాటినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా వైద్యుని చూడండి. ఆయన వద్దకు వెళ్లినప్పుడు "యాంటీబయాటిక్ వ్రాయండి" అనకండి, "ఇది నాకు అవసరమా?" అని అడగండి.

ప్రశ్న అడగడం నేర్పని చదువు చదువే కాదని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. పెద్దలకు చెప్పడమే కష్టంగా ఉన్నది సుమా! విభేదించేవారు నిస్సంకోచంగా వాదించవచ్చు. తుమ్ముతూనైనా సమాధానమిస్తాను.