నిషేధించినా నశించని నిరోధకత

న్యూఢిల్లీ: ఆహారం కోసం పెంచే పశువులు, కోళ్లు, చేపలకు కొలిస్టిన్ మందును వాడేందుకు వీల్లేకుండా దాని తయారీ, విక్రయం, పంపిణీలను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2019 జూలై 19న నిషేధించింది. అయితే మందు ఆపినంత మాత్రాన జీవాల పేగుల్లోని బాక్టీరియా మళ్లీ దానికి లొంగుతుందన్న భరోసా లేదని విదేశాల అనుభవం స్పష్టం చేస్తోంది.

ఇతర మందులు విఫలమైనప్పుడు వైద్యులు చివరి అస్త్రంగా ప్రయోగించేది కొలిస్టిన్. అదే మందును కోళ్లు త్వరగా బరువు పెరిగేందుకు దాణాలో స్వల్ప మోతాదుల్లో కలిపేవారు. ఆ మోతాదుకు బలహీనమైన బాక్టీరియా నశించగా, తట్టుకున్నవి వృద్ధి చెందుతాయి. కొలిస్టిన్‌ను నిర్వీర్యం చేసే ఎంసీఆర్-1 జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి సులువుగా బదిలీ కాగలదని చైనా శాస్త్రజ్ఞులు 2015 నవంబరులో వెల్లడించడంతో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన మొదలైంది.

చైనా 2017 ఏప్రిల్ 30 నుంచి దాణాలో కొలిస్టిన్‌ను నిలిపివేసింది. పందుల్లో నిరోధక ఇ.కోలి 2015-16లో 34 శాతం ఉండగా, 2017-18 నాటికి 5.1 శాతానికి పడిపోయింది. ఫలితం ఘనమైనదే అయినా సమస్య సమూలంగా తొలగలేదు.

డెన్మార్క్ అనుభవం మరింత గుణపాఠం. మనుషులకిచ్చే వాంకోమైసిన్‌ను పోలిన అవోపార్సిన్‌ను అక్కడ 1995లో నిషేధించారు. కోళ్లలో నిరోధక బాక్టీరియా బాగా తగ్గినా, పందుల్లో తగ్గలేదు. పందులకు టైలోసిన్ అనే వేరే మందు ఇస్తూండడమే ఇందుకు కారణమని తేలింది. రెండు మందులకూ నిరోధకత కల్పించే జన్యువులు ఒకే ప్లాస్మిడ్‌పై ఉన్నందున, ఒక మందు వాడకం రెండో నిరోధకతను కూడా కాపాడింది. 1998లో టైలోసిన్ వాడకం తగ్గిన పిదపే అది క్షీణించింది. నార్వేలోనైతే నిషేధం తర్వాత కొన్నేళ్లకు కూడా కోళ్ల ఫారాల్లో ఈ బాక్టీరియా కనిపించింది.

నిరోధకత బాక్టీరియాకు భారమనీ, మందు లేనిచోట అది వెనుకబడుతుందనీ ఒక వాదన. కానీ ఆ భారం తరచు స్వల్పమే. కాలక్రమంలో బాక్టీరియా దానికి సర్దుకుపోతుంది. పైగా ఫారంలో మిగిలిపోయిన రెట్ట, పొట్టు, కలుషిత నీటి ద్వారా పాత బాక్టీరియా కొత్త కోడిపిల్లలకు సంక్రమిస్తుంది.

మన దేశానికి ఇది దూరపు సమస్య కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 85.18 కోట్ల కోళ్లు తదితర పెంపుడు పక్షులుండగా, సంఖ్యలో తమిళనాడు తర్వాతి స్థానాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. కనుక ఒక్క మందుపై నిషేధంతో సరిపెట్టుకోవడం పొరపాటు. దాణాలో కలిసే ఇతర యాంటీబయాటిక్స్‌ను అదుపు చేయకుంటే పాత జన్యువులు వాటి నీడన బతికే అవకాశం ఉంది. డెన్మార్క్ 1995 నుంచి పశువులు, మాంసం, మనుషుల్లో నిరోధకతను ఏటా కొలుస్తోంది. అటువంటి క్రమబద్ధమైన పరీక్షలు, ఫారాల్లో పరిశుభ్రత, టీకాలు లేనిదే నిషేధం సగం చికిత్సగానే మిగులుతుంది. మిగతా సగానికి మూల్యం చెల్లించేది ఆసుపత్రిలో చివరి మందు కూడా పనిచేయని రోగి.