విప్పే విద్య

స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో మొదలుపెట్టిన పాత కార్ల ర్యాలీకి జనం ఇప్పటికీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. మెరిసే హెడ్‌లైట్ల ముందు, నున్నటి బానెట్ల పక్కన ఫొటోలు దిగుతారు. వంగి బండి కిందకు చూసేవాళ్లు తక్కువ. అక్కడ, ముందు చక్రాల వెనకాల, స్టీరింగు తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీలూ కీళ్లూ ఉంటాయి. ఏళ్లుగా మూలనపడ్డ కారు మళ్లీ రోడ్డెక్కిందంటే, ఎవరో ఒకరు దాని కింద వెల్లకిలా పడుకుని ఆ కీళ్లను ఒక్కొక్కటిగా విప్పి ఉంటారు. ఈ నాలుగు మాటలూ ఆ పనితనం గురించి.

చక్రం దగ్గరి కీలును మెకానిక్కులు టై రాడ్ ఎండ్ అంటారు. దాని శీల ఒకవైపు లావుగా, మరోవైపు సన్నగా ఉంటుంది. స్టీరింగ్ ఆర్మ్‌లో సరిగ్గా అదే వాలుతో రంధ్రం ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ శీల అందులోకి దిగి కరుచుకుంటుంది. నట్టు తీసేసినంత మాత్రాన ఊడిరాదు. ఊడిరాకూడదు కూడా, బండిలో కూర్చున్నవాళ్ల ప్రాణాలు ఆ పట్టు మీదే ఆధారపడి ఉన్నాయి. అయితే బండి ఏళ్ల తరబడి కదలకుండా నిలబడితే రబ్బరు తొడుగు పగులుతుంది, గ్రీజు గట్టిపడుతుంది, వానాకాలపు చెమ్మ లోపలికి చేరుతుంది. తుప్పు, తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఇక అక్కడ వెంట్రుక దూరే సందు కూడా మిగలదు.

తొందరపడ్డ మనిషి సుత్తి తీసుకుని శీల కొన మీద బాదుతాడు. శీల కదలదు, దాని మరలు మాత్రం చితికిపోయి మళ్లీ నట్టు ఎక్కకుండా పోతుంది. పని తెలిసిన ఉస్తాదు (ఢిల్లీ గ్యారేజీల్లో పెద్ద మెకానిక్కును అలాగే పిలుస్తారు) కొన జోలికే పోడు. ముందురోజే నూనె పట్టించి నానబెడతాడు. నట్టును పూర్తిగా తియ్యకుండా వదులుచేసి ఉంచుతాడు. పుల్లర్ అనే పనిముట్టు తగిలించి బిగించి, శీలను కాస్త ఒత్తిడిలో పెడతాడు. ఆ తర్వాత ఆర్మ్‌కు ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి పట్టుకుని, రెండో పక్క ఇంకో సుత్తితో సూటిగా ఒక్కటి వేస్తాడు. ఆ దెబ్బకు గుండ్రటి రంధ్రం లిప్తపాటు కోలగా సాగుతుంది. ఆ లిప్తలోనే శీల టక్కున వదిలేస్తుంది. అరగంట బాదినా రానిది రెండు మూడు దెబ్బలకు వస్తుంది. దెబ్బ ఎక్కడ పడాలన్నదే అసలు చదువు.

వేడి చెయ్యడమూ ఒక దారే. బిగుసుకున్న ఊరగాయ సీసా మూతను వేడినీళ్లలో పెట్టి తీసే ఉపాయం వంటిదే ఇదీ. కానీ స్టీరింగు దగ్గర మంట పెట్టడానికి మంచి మెకానిక్కు జంకుతాడు. ఎర్రబడేదాకా కాల్చిన ఉక్కు పదును పోతుంది. పైకి బాగానే కనిపించి, ఏదో మలుపులో విరుగుతుంది.

డ్రైవరు చేతిలోని చక్రం విషయంలోనూ అంతే జాగ్రత్త. చక్రానికీ లోపలి కడ్డీకీ కలిపి ఒక గీత గీసుకోవాలి, మళ్లీ అదే వాటంలో కూర్చోబెట్టడానికి. నట్టును నాలుగు చుట్లు ఉంచే లాగాలి. లేకపోతే పట్టు వదిలిన చక్రం నేరుగా మొహానికొచ్చి తగులుతుంది. టై రాడ్ నుంచి కీలును విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటే చక్రాల వాటం పెద్దగా చెడదు. బండిని బట్టి కిటుకూ మారుతుంది. అంబాసిడర్‌ది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ర్యాక్ అండ్ పినియన్ పద్ధతి, ప్రీమియర్ పద్మినిది స్టీరింగ్ బాక్స్ పద్ధతి. ఇవన్నీ కరోల్‌బాగ్ సందుల్లోనో, మన విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనో చిన్నతనంలో పానాలు అందిస్తూ నేర్చుకున్న సంగతులు. రాసిపెట్టినవాళ్లు తక్కువ.

దేశ రాజధాని ప్రాంతంలో ఈ విద్యతో ఇప్పుడు అవసరం పెరిగింది. కాలుష్యం కారణంగా 15 ఏళ్లు దాటిన వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014లో చెప్పింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు 2015లో అడ్డుకట్ట వేసింది. ఆ ఉత్తర్వులను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాదోపవాదాలు 2025లోనూ సాగాయి. చలికాలం ఈ ఊరి గాలి పీల్చినవారెవరూ ఆ ఉత్తర్వుల వెనక ఉన్న ఆందోళనను కాదనలేరు, మేమూ కాదనం. ఇంకోవైపు, 50 ఏళ్లు నిండి అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలకు వింటేజ్ హోదా ఇస్తూ కేంద్రం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. వాటికి నంబరులో వీఏ అనే ప్రత్యేక అక్షరాలు, పదేళ్ల రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప మామూలుగా తిప్పుకోవడానికి లేదు.

15కూ 50కీ మధ్య 35 ఏళ్లున్నాయి. గురుగ్రామ్ కర్మాగారంలో తయారై, 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి యజమానికి అందిన మారుతి 800 తరం బండ్లకు ఆ హోదా రావాలంటే 2033 దాకా ఆగాలి. అప్పటిదాకా నాన్న జ్ఞాపకమనో, తొలి జీతంతో కొన్నదనో తుక్కుకు ఇవ్వలేకపోయిన కార్లు నోయిడా, ద్వారక అపార్టుమెంట్ల సెల్లార్లలో ముసుగు కప్పుకుని నిలబడే ఉంటాయి. నిలబడ్డ బండికే కీళ్లు పట్టేస్తాయి. అలాంటి కారున్నవారు అప్పుడప్పుడూ ముందు చక్రాలను జాకీ మీద లేపి స్టీరింగును ఈ కొసనుంచి ఆ కొసదాకా తిప్పడం, గ్రీజు నిపుల్స్ ఉన్నచోట గ్రీజు కొట్టించడం మరిచిపోకూడదు. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

అసలు రూపం చెడకూడదని నిబంధన అంటోంది. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. విరగ్గొట్టిన ముక్కకు బదులు ఇంకో ముక్క కంపెనీ పంపదు. కాబట్టి చెడగొట్టకుండా విప్పగల చెయ్యి లేకపోతే అసలు రూపమన్న మాట కాగితం మీదే మిగులుతుంది. ఆ చేతులకు వయసు మీదపడుతోంది. కొత్త కార్ల సర్వీసు కేంద్రాల్లో భాగాన్ని మొత్తంగా మార్చెయ్యడమే పద్ధతి. అక్కడ పెరిగిన కుర్రవాడికి రెండు సుత్తుల కిటుకు చూసే అవకాశమే రాదు.

గురుగ్రామ్ దాటాక తావడూ దగ్గర 2013లో తెరిచిన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది. నగరంలో పూసా ఐటీఐ ఉంది. ఐటీఐ పిల్లలు కొన్ని వారాలు అలాంటి మ్యూజియంలో ఒక పాత ఉస్తాదు పక్కన కూర్చుని నేర్చుకునే ఏర్పాటు చెయ్యడం అసాధ్యమేమీ కాదు. ఆ ఉస్తాదుకు గురువు హోదా, తగిన వేతనం ఇవ్వాలి. అతను పని చేస్తుండగా వీడియో తీసి, మాటలతో సహా భద్రపరచాలి. ఇక ర్యాలీల నిర్వాహకులకు ఒక విన్నపం. కారు ముందు పెట్టే పలక మీద కంపెనీ, సంవత్సరం, యజమాని పేరుతో పాటు, దాన్ని విప్పి మళ్లీ బిగించిన మెకానిక్కు పేరు కూడా వచ్చే ర్యాలీ నుంచే రాయించండి.