పరదేశసేవ: అతిథులా, దాతలా?

వేసవి సెలవులు వచ్చినంతనే అమెరికాలోని క్రైస్తవ విద్యార్థిసంఘములు పరదేశ సేవాయాత్రలకు బయలుదేరుట నేడొక ఆచారమైనది. ఇరువది ముప్పదిమంది యువకులును యువతులును ఒకే రంగు చొక్కాలు ధరించి, విమానమెక్కి, మధ్య అమెరికాకో, ఆఫ్రికాకో, ఆసియాకో పోవుదురు. వారము పదిదినములు అచట గోడలు కట్టి, రంగులు వేసి, పిల్లలతో ఆటలాడి, ప్రార్థనలు జరిపి, ఛాయాపటములతో ఇండ్లకు మరలుదురు. 2005 ప్రాంతమున సమాజశాస్త్రజ్ఞులు వేసిన అంచనా ప్రకారము, విద్యార్థులేమి గృహస్థులేమి, ఇట్టి స్వల్పకాల యాత్రలకు ఏటేట పోవు అమెరికా చర్చిసభ్యుల సంఖ్య పదిలక్షలను మించియుండెను. ఇంత జనము ఇంత ధనము వెచ్చించి చేయు పని ఎవరికి మేలు చేయుచున్నదని యడుగుట అసూయ కాజాలదు. చిరకాలము పరుల సేవకు పాత్రమైన దేశముగా లెక్కింపబడిన మనకు ఆ ప్రశ్న నడుగు అధికారము కొంత ఎక్కువగనే కలదు.

ఈ యుత్సాహము నిన్న మొన్న పుట్టినది కాదు. 1886 వేసవిలో మసాచుసెట్సు రాష్ట్రమునందలి మౌంట్ హెర్మను అను చోట కళాశాలల విద్యార్థులు సమావేశమైనప్పుడు, నూరుగురు తమ జీవితములను విదేశ మతప్రచారమున కర్పింతుమని మాట యిచ్చిరి. ఆ మాటనుండి పుట్టిన విద్యార్థి స్వచ్ఛందసేవకుల ఉద్యమము తరువాతి దశాబ్దములలో ఇరువదివేల మందిని సముద్రములు దాటించినది. వారి లక్ష్యముతో మన జాతీయవాదులు పలువు రేకీభవింపలేదు. సేవను మతమార్పిడికి ఎరగా చేయరాదని గాంధీమహాత్ముడు మిషనరీలతో పలుమారులు చెప్పెను. అయినను ఆ కాలపు మిషనరీలను గూర్చి ఒక్కమాట ఒప్పుకొనక తప్పదు: వారు పదిదినములకై వచ్చినవారు కారు. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కుగ్లరు తెలుగు నేర్చి, 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో ఆ యూరనే కన్నుమూసెను. పొరపాటు జరిగినచో దాని ఫలమును కన్నులార చూచుటకును, దిద్దుకొనుటకును ఆమెకు నలువదియేడేండ్ల వ్యవధి దొరకినది. నేటి యాత్రికుడు తన పొరపాటు బయటపడునాటికి స్వగృహమున నుండును.

యాత్రల ప్రయోజనమును తూచుట కొక లెక్క మన కందుబాటులో నున్నది. 1998 అక్టోబరు కడపట మిచ్ అను తుపాను హొండూరసు దేశమును ముంచెత్తి, వేలమందిని పొట్టన బెట్టుకొని, ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టినది. కూలిన ఇండ్లను తిరిగి కట్టుటకు ఉత్తర అమెరికా చర్చిలనుండి దళములు తండోపతండములుగా వచ్చినవి. అమెరికాలోని కాల్విన్ కళాశాలకు చెందిన అధ్యాపకుడును, హొండూరసులో కాపురముండి పనిచేసిన క్రైస్తవుడునగు కర్ట్ వర్ బీక్ ఆ నిర్మాణములను పరిశీలించి, తన ఫలితములను 2006లో ప్రకటించెను. ప్రయాణవ్యయముతో గూడ లెక్కించినచో విదేశదళములు కట్టిన యిల్లొక్కటికి సుమారు 30,000 డాలర్లయినది. అచటి సంస్థ స్థానికులచేత కట్టించిన యిల్లు సుమారు 2,000 డాలర్లకే పూర్తియైనది. ఒక యింటి వ్యయముతో పదునైదు కుటుంబములకు నీడ కల్పింప వచ్చునన్నమాట! ఇల్లు విదేశీయులు కట్టినను, స్వదేశీయులు కట్టినను, పొందినవారి బ్రతుకులలో చెప్పుకోదగిన భేద మేమియు ఆయనకు కానరాలేదు.

ఈ లెక్కలో ధనముకన్న ముఖ్యమైన విషయ మొకటి దాగియున్నది. తుపాను తాకిన యూరిలో ఇండ్లతోపాటు పనులును కొట్టుకొనిపోవును. పుట్టి బుద్ధెరిగి తాపీ పట్టని కళాశాల విద్యార్థి ఇటుకలు పేర్చుచుండగా, ఆ విద్యలో తల పండిన మేస్త్రీ చేతులు కట్టుకొని చూచుట ఎట్టి సేవ? ఆ మేస్త్రీకి కూలి ముట్టినచో తన బిడ్డలకు పుస్తకములు తానే కొనిపెట్టును. కూలి లేనినాడు అవే పుస్తకములను దాత చేతులమీదుగా, పటము తీయుచుండగా, అందుకొనవలసివచ్చును. మొదటిది జీవనము, రెండవది యాచన. స్వావలంబనమునకై యేండ్ల తరబడి పోరాడిన జాతికి ఈ భేదమును విప్పి చెప్పనక్కర లేదు.

దీనికి యాత్రల నిర్వాహకులు చెప్పు సమాధాన మొకటి కలదు. ఇల్లు కట్టుట నెపమాత్రమనియు, పేదరికమును కన్నులార చూచిన విద్యార్థి హృదయము మారుననియు, ఆ మార్పు జీవితాంతము నిలుచుననియు వా రందురు. వర్ బీక్ ఈ మాటను గూడ పరీక్షించెను. తిరిగివచ్చినవారు తాము మారితిమని చెప్పుకొనిరి గాని, విరాళముల లెక్కలు చూడగా ఆ మార్పు అంతగా పొడగట్టలేదు. పోనిండు, మార్పు కలిగినదనియే యనుకొందము. అప్పుడు లాభము పొందినది విద్యార్థి. పాఠశాలయైనది పేదవాని ముంగిలి. పాఠము చెప్పినవాడు ఆ పేదవాడే. గురుదక్షిణ చెల్లింపవలసినవాడు దాతయై పీఠమెక్కుట న్యాయమా?

ఈ ప్రశ్ననే 1968 ఏప్రిలులో ఒక కాథలిక్ మతాచార్యుడు విద్యార్థుల మొగముననే వేసెను. మెక్సికో గ్రామములకు వేసవిసేవకై విద్యార్థులను పంపుచుండిన ఒక సంఘము తన సభకు ఇవాన్ ఇల్లిచ్ పండితుని పిలిచినది. మెక్సికోలో స్థిరపడి, అచటికి వచ్చు విదేశీయులకు భాషయు సంస్కృతియు నేర్పు కేంద్రమును నడుపుచుండిన ఆయన, పొగడ్తలు వినగోరి వచ్చినవారికి చేదుమందు పోసెను. మీ సదుద్దేశమును శంకింపను, కాని మీ సాయము వలదనెను. చూచుటకు రండు, చదువుకొనుటకు రండు, కొండలెక్కి ఆనందించుటకు రండు, ఉద్ధరించుటకు మాత్రము రాకుడనెను. సేవ చేయకుండ నుండలేనివారు తమ భాష తెలిసిన తమ దేశపు పేదల యొద్దకు పోవుట మేలనియు, అచటనైన పొమ్మనినప్పు డది అర్థమగుననియు హితవు చెప్పెను. అరువదేండ్లు కావచ్చుచున్నను ఆ మాటల పదును తగ్గలేదు.

సదుద్దేశము వ్యర్థమగుటతో ఆగక, హానిగా పరిణమించు చోట్లును కలవు. కాంబోడియాలో 2005కును 2010కును నడుమ అనాథాలయముల సంఖ్య 75 శాతము పెరిగెను. యుద్ధము ముగిసి యేండ్లు గడచిన దేశమున ఇందరు అనాథ లెక్కడనుండి వచ్చిరి? విచారింపగా, అందలి పిల్లలలో నాలుగింట మూడువంతుల వారికి తల్లియో తండ్రియో బ్రతికియే యున్నట్లు తేలినది. అనాథలను లాలించి పోవలెనని వచ్చు విదేశీయుల రాక ఈ పెరుగుదలకు దోహదము చేసెను. వారిలో క్రైస్తవదళములును, మతముతో పనిలేని యాత్రికులును కలరు. పేదతల్లి ఒడినుండి బిడ్డను తెచ్చి అనాథగా చూపు వ్యాపారమునకు వారి దయయే పెట్టుబడియైనది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ బాలల హక్కులపై చేసిన తీర్మానమున ఈ అనాథాలయ యాత్రల హానిని గుర్తించినది.

అయినచో సరిహద్దులు దాటిన సేవ యంతయు నింద్యమా? అట్లనుట మా యభిమతము కాదు. 1934 జనవరిలో బిహారు భూకంపము సంభవించినప్పుడు స్విట్జర్లండు దేశపు ఇంజనీరును, క్రైస్తవ శాంతివాదియునగు పియర్ సెరెసోల్ ఇచటికి వచ్చెను. వెంట పెద్ద దళము లేదు. ముందుగ వచ్చి చూచి, రాజేంద్రప్రసాదు మొదలగు నాయకులతో సంప్రదించి, పిదప కొలదిమంది మిత్రులతో మరలివచ్చి, ముజఫరుపురము ప్రాంతమున గ్రామములను తిరిగి కట్టు పనిలో మన కూలీల ప్రక్కన నిలిచి పార పట్టెను. ఏ పని చేయవలెనో నిర్ణయించినది ఈ దేశము. ఆయన చేయి మాత్రము కలిపెను. సహాయమునకును పెత్తనమునకును గల యెడము ఇంతియే.

తెలుగునాటితో సంబంధముగల మరియొక క్రైస్తవుడు ఈ సత్యమును అంతకుముందే చాటియుండెను. 1910లో ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. మౌంట్ హెర్మను వద్ద మాట యిచ్చిన నూరుగురిలో ఒకడైన జాన్ మాట్ దాని కధ్యక్షుడు. పండ్రెండువందల ప్రతినిధులలో ఆసియావారు ఇరువదిమందికి మించలేదు. ఆ సభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య లేచి, పాశ్చాత్య మిషనరీల దానమును త్యాగమును కొనియాడి, వానితో తృప్తిపడక తమకు మిత్రులు కావలెనని కోరెను. సభ కలవరపడినది. ఆయనయే 1912లో దోర్నకలు బిషప్పై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయు డాయెను. దాత యిచ్చు చేయి పైన నుండును, పుచ్చుకొను చేయి క్రింద నుండును. మిత్రుల చేతులు ఒకే యెత్తున కలియును. ఆయన కోరిన దీ సమత్వమునే.

ఇది క్రైస్తవమునకు వెలియైన బోధయు కాదు. క్రీస్తు శిష్యులను పంపునపుడు సంచి లేకుండ పొమ్మనెననియు, ఆతిథ్యమిచ్చిన యింటనే నిలిచి వారు పెట్టినది తినుమనెననియు సువార్తలు చెప్పుచున్నవి. అట్లు పోయినవాడు గృహస్థుని దయపై నాధారపడిన అతిథి. సంచులు నింపుకొని, అన్నపానములు వెంట గొని, తమలో తామే భుజించి మరలు నేటి దళములు ఆ యాజ్ఞను మరల చదువుకొనుట మంచిది.

పరులకు చెప్పిన నీతి మనకును వర్తించును. 1969లో మొదలైన జాతీయసేవాపథకము క్రింద మన కళాశాలల విద్యార్థులును గ్రామములలో వారము పదిదినములు శిబిరములు నడుపుదురు. అమెరికాలో పెరిగిన తెలుగుబిడ్డలు సెలవులలో తాతల యూళ్ళకు సేవకై వచ్చుటయు కలదు. వీరిలో ఎందరు ఆ యూరివారి నడిగి పని యెన్నుకొనుచున్నారు? ఊడ్చిన వీథి మరునాడెట్లున్నదో ఎందరు చూచుచున్నారు? యువకుల యుత్సాహమును చల్లార్చుట మాకు సమ్మతము కాదు. దేశకాలపాత్రము లెరిగి దానిని నడిపింపుడనియే మా ప్రార్థన. బయలుదేరుటకు ముందు తమ్ము నెవరు పిలిచిరో వారు విచారించుకొందురు గాక. పిలిచినవానికి పొమ్మనగల స్వాతంత్ర్యమును కలిగియున్న చోటనే వచ్చినవాడు అతిథి యనిపించుకొనును.