ఈల పక్కన మొబైల్

ఆటల పీరియడ్ అనగానే ఏం గుర్తొస్తుంది? మాస్టారి మెడలో ఈల, ఆయన మైదానంలోకి విసిరే ఒకే ఒక్క బంతి. ఓ పదిమంది దాని వెంట పరుగెడతారు. మిగిలిన ముప్ఫైమంది వేపచెట్టు కింద చేరి కబుర్లు చెప్పుకుంటారు. అదైనా, 'సిలబస్ మిగిలిపోయింది' అంటూ లెక్కల మాస్టారు ఆ పీరియడ్‌ని లాగేసుకోకపోతేనే!

ఆ ముప్ఫైమందినీ చెట్టు నీడ నుంచి లేపడానికి ఇప్పుడు మొబైల్ ఫోన్ సాయం చేస్తోంది. కాకపోతే అది ఉండాల్సింది పిల్లల చేతిలో కాదు, మాస్టారి చేతిలో.

కేంద్రప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'ఖేలో ఇండియా' యాప్‌నే తీసుకోండి. ఆటల నియమాలు, మైదానాల వివరాలతో పాటు పిల్లల దారుఢ్యాన్ని పరీక్షించే ఏర్పాటూ అందులో పెట్టారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి బీఎంఐ చూస్తారు. ఆపైన రెండు సరదా పరీక్షలు. ఒకటి ఫ్లెమింగో బ్యాలెన్స్... పులికాట్‌కి ఏటా వచ్చే ఆ పొడుగుకాళ్ల పక్షిలా ఒంటికాలిపై నిలబడాలి. రెండోది, బల్లమీద ఉన్న రెండు బిళ్లల్ని ఒకే చేత్తో అటూ ఇటూ గబగబా తట్టడం. తొమ్మిదేళ్లు దాటితే 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకి వంగడం, పొట్ట కండరాలకీ చేతులకీ పరీక్షలు ఉంటాయి. బడి జట్టులో ఆడే నలుగురికే కాదు, వెనక బెంచీ పిల్లకీ ఓ వరస ఉంటుంది. ఖాళీగా ఉన్న వరస కళ్లముందు కనబడుతుంటే మాస్టారు మాత్రం చెట్టు కిందకి చూడకుండా ఎలా ఉంటారు?

ఇక బీప్ టెస్ట్. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు. బీప్ మోగేలోగా అవతలి గీతని చేరాలి. గంటకి 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికోసారి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. ఒకప్పుడు దీనికి క్యాసెట్, టేప్‌రికార్డరు మోసుకెళ్లాల్సివచ్చేది. ఇప్పుడు ఫోనూ చిన్న స్పీకరూ చాలు.

అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం కెమెరానే. లాంగ్‌జంప్‌లో 'కాలు సరిగ్గా బల్లమీద పడాలిరా' అని పదిసార్లు అరిచినా బుర్రకెక్కదు. అదే స్లోమోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసి, 30 చొప్పున చూపిస్తే సెకను దూకుడు ఎనిమిది సెకన్లు సాగుతుంది. అడుగు ఎక్కడ తడబడిందో కుర్రాడే చూసుకుంటాడు, తర్వాతి దూకుడులో సరిచేసుకుంటాడు. అయితే పిల్లల వీడియోలు తీసేముందు అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి. అవి వాట్సప్ గ్రూపుల్లోకి పాకకూడదు.

చిక్కులూ ఉన్నాయి. నలభైమంది వివరాలు టైపు చేయడానికే పీరియడ్ అయిపోతే ఇంక ఆడేదెప్పుడు? కాగితంమీద రాసే పనీ స్టాప్‌వాచ్ నొక్కే పనీ పిల్లలకే అప్పగించి, టైపింగ్ తర్వాత చూసుకోవడం మేలు. బీఎంఐ సంగతి మరీ సున్నితం. బొద్దుగా ఉన్న పాప బరువుని అందరిముందూ చదివి వినిపిస్తే మర్నాటి నుంచి ఆ పాప ఆటల పీరియడ్‌కి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. ఆ అంకె ఇంటికి వెళ్లాలే కానీ తరగతికి తెలియక్కర్లేదు. ఇక, పొద్దున టిఫిన్ తినకుండా వచ్చిన పిల్లాడు 600 మీటర్లు ఎందుకు పరుగెత్తలేకపోయాడో ఏ యాప్‌కీ తెలియదు. దగ్గరికి పిలిచి అడిగితే మాస్టారికి తెలుస్తుంది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల కార్డు చూశాక ఇంకో ప్రశ్నా అడగండి. మా పాప జూన్‌లో 600 మీటర్లు ఎంతసేపట్లో పరుగెత్తింది? డిసెంబరులో ఎంతసేపు పట్టింది?