అమ్మ తిన్నదా అని అడిగే పిల్లలేరీ?

మిరప కోతల కాలం వచ్చిందంటే పల్నాటి పల్లెల్లో తెల్లవారుజామున నాలుగు గంటలకే పొయ్యి వెలుగుతుంది. జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఇదే వరస. స్త్రీలు లేచి వాకిలి ఊడ్చి, అన్నం కూర వండి, పిల్లలకు బాక్సులు, మగవారికి క్యారేజీలు కట్టి, ఆరున్నర కల్లా ఆటో ఎక్కవలసి ఉంటుంది. వీరిలో ఏదైనా తిని ఇల్లు కదిలేవారు ఎందరని విచారిస్తే బహు కొద్దిమంది. ఒక గ్లాసు టీ, అంతే. మొదటి ముద్ద నోట్లో పడేది తోటలో, పొద్దు బాగా ఎక్కిన తరువాత. రాత్రి కూడా అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె వంతు. కూర అయిపోతే పచ్చడి. పచ్చడి లేకపోతే మజ్జిగ.

ఇది లేమి వల్ల జరుగుతున్నదని సరిపెట్టుకోవడానికి వీలు లేదు. నాలుగు గేదెలు ఉన్న ఇళ్లలోనూ పద్ధతి ఇదే. పాలు కేంద్రానికి పోయినన్ని పోగా మిగిలినవి పిల్లలకు, పెద్దలకు. పాడి చూసుకునే మనిషి గ్లాసులో పాలు కనిపించవు.

ఫలితం ఏమిటో లెక్కలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు పురుషులలో నూటికి 25 మందికే. మన రాష్ట్రంలో స్త్రీల సంఖ్య దాదాపు 59. నెలసరి, కాన్పులు కారణమే గాని, తగినంత తిండి అందితే ఆ లోటు చాలావరకు పూడుతుంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. అయితే ఆయాసం, కళ్లు తిరగడం, అరచేతులు పాలిపోవడం మన ఆడవారు జబ్బుగా లెక్కపెట్టరు. 'నీరసంగా ఉంది' అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. బయలుదేరే ముందు రాగి జావో, రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకొనో తినడం. తోటకూర, మునగాకు, పప్పు, పల్లీలు తరచు వండుకోవడం, పైన నిమ్మకాయ పిండుకోవడం. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానడం, ఎందుకంటే తిండిలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. ఇక ఐరన్ మాత్రలు. వికారంగా ఉందని, విరేచనం నల్లగా అవుతున్నదని పెరట్లో పారవేసేవారు ఉన్నారు. నల్లబడడం సహజం, భయపడనక్కరలేదు. వికారం అనిపించేవారు రాత్రి భోజనం తరువాత వేసుకుంటే సరి. అప్పటికీ తగ్గకపోతే ఏఎన్ఎంను అడగవచ్చు.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. తోటలో చాటు లేదని ఉదయం నుండి నీళ్లు తాగకుండా బిగబట్టే స్త్రీలు ఎందరో. ఆ ఎండలో, ఆ ఘాటులో! మూత్రంలో మంట, నడుము నొప్పి అంటూ ఆస్పత్రికి వచ్చేది అందువల్లే. నాలుగు కర్రలు పాతి పాత పట్టా చుట్టించడం, చేతులు కడుక్కోవడానికి ఒక డ్రమ్ము నీళ్లు, ఒక సబ్బు ఉంచడం ఏ రైతుకూ భారం కాదు. లక్షలు పెట్టుబడి పెట్టే చోట ఇది ఎవరికీ తోచకపోవడం శోచనీయం.

ఇంతవరకు చెప్పినవి డాక్టర్లు, ఆశా కార్యకర్తలు చెబుతూనే ఉన్నారు. చెప్పేది మాత్రం ఎప్పుడూ ఆడవారికే. పౌష్టికాహారం తినమ్మా అంటారు. తినమన్నంత మాత్రాన ఆమె కంచంలోకి కూర రాదు. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పథకం పెట్టినప్పుడు గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి భోజనం పెట్టే ఏర్పాటు చేశారు. ఇంటికి మోసుకుపోతే అది ఎవరి నోట్లోకి పోతుందో ఊళ్లో అందరికీ తెలిసినదే.

కనుక మారవలసినది ఇల్లు. ఇంట్లో త్వరగా మారగలిగినవారు పిల్లలు.

పిల్లలకు దయ నేర్పాలని అందరూ అంటారు. కుక్కను కొట్టవద్దని, ముసలివారికి దారి ఇమ్మని చెబుతాము. మంచిదే. అదే పిల్లవాడు మంచం మీద నుండి లేవకుండా 'అమ్మా, నీళ్లు' అని కేక వేస్తే మనకు తప్పు కనిపించదు, ఎందుకంటే తండ్రి కూడా అలాగే వేస్తాడు. కూర గిన్నె తన వైపు లాక్కొని రెండోసారి వడ్డించుకునేటప్పుడు ఇంకా తినవలసిన మనిషి ఉన్నదన్న ఆలోచన వానికి రాదు. రాకపోవడం వాని తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

ఆడపిల్లకు చెబుతారు. అయితే దయ అని కాదు, పని అని. తొమ్మిదేళ్లకే అంట్లు, తమ్ముణ్ణి ఎత్తుకోవడం. దానిని మంచి గుణమని మెచ్చుకుంటారు. మంచి గుణమే అయితే అన్నదమ్ములకు ఎందుకు అక్కరలేకపోయింది? ఈ విషయంలో తల్లులకూ ఒక మాట చెప్పక తప్పదు. కొడుకు తిన్న కంచం తానే కడగబోతే 'నేను చచ్చానా?' అని లాక్కునే తల్లులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 'నాకేం, నేను ఏదో ఒకటి తింటాలే' అన్న మాట రోజూ వింటూ పెరిగినవాడు రేపు భార్య నోటి నుండి అదే మాట వింటే నమ్మేస్తాడు.

మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి వేళ కాని వేళల్లోనూ వండి పెట్టిన తల్లి ఆమె. ఆ భోజనం తినే పిల్లలలో, బడిలో ఇచ్చిన చిక్కీ సగం జేబులో వేసుకొని తమ్ముడి కోసం, చెల్లి కోసం తీసుకుపోయేవారిని ఈ విలేఖరి చాలామందిని చూశాడు. పసివారి మనసుల్లో దయ లేదని ఎవరనగలరు? అమ్మ కోసమని చెప్పిన పిల్ల మాత్రం ఇంతవరకు ఒక్కతే కనిపించింది.

ఉపాధ్యాయులు తలచుకుంటే దీనికి సర్కారు ఉత్తర్వు అవసరం లేదు. బడిలో వారానికి ఒకసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఆడపిల్లలకు, మగపిల్లలకు తేడా లేకుండా వేయిస్తున్నారు కదా. ఆ రోజునే ఒక ప్రశ్న అడిగించవచ్చు: ఈ ఉదయం మీ అమ్మ ఏమి తిన్నది? మొదటి వారం సగం మందికి జవాబు తెలియదు. రెండో వారానికి కొందరు ఇంట్లో అడిగి వస్తారు. అడిగినందుకు తల్లి నవ్వి ఊరుకుంటుంది. మూడో వారం ఎవరో ఒకరు కూర గిన్నెలో ఒక గరిటె ఉంచి మూత పెడతారు.

కోతలు ముగిసేలోగా మన మండలంలో ఒక్క బడిలోనైనా ఈ పని మొదలుపెట్టాలని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాము. మగవారు చదివితే మరీ సంతోషం.