ఒక పనికి ఒకే మాట



తెలుగు వికీపీడియాను మనకు తగినట్లు మార్చుకొనే పుట పేరు ‘అభిరుచులు’. ఆండ్రాయిడ్ ఫోనులో అటువంటిదే ‘సెట్టింగ్‌లు’. ఈ తెలుగు వికీ 2003లో ఆరంభమైంది. దానికి మాటలు కూర్చిన స్వచ్ఛంద సేవకులకు నమస్కారం. కాని మాటపై ఒప్పందం, అదే మాటతో వ్రాసిన సహాయ పాఠం లేకుంటే అనువాదం సగం పనే.

నిడుగల్లు వంటి కన్నడ రాష్ట్రపు పల్లెలో తెలుగు బిడ్డకు పాఠంలో ఒక మాట, తెరపై వేరొక మాట కనబడితే ఏమగును? వెంటనే ఇంగ్లీషుకు మారును. తప్పు బిడ్డది కాదు, మనది.

తరచు వచ్చే పదాలను భాషీయులంతా కూర్చొని నిర్ణయించాలన్నదే 2008 నాటి ఫ్యూయెల్ ఉద్యమం చూపిన దారి. ‘పండితులు చూసుకొంటారు’ అని తప్పుకొనకండి. బిడ్డ తడబడిన మాటను వ్రాసి, అనువాదకులకు పంపండి.