లినక్స్ కంప్యూటరు నుండి దూరదేశానికి మాట



పిల్లలు పరదేశంలో ఉన్న ఇంట్లో ఫోను మ్రోగే వేళకు ఎంత విలువ ఉంటుందో ఆ ఇంటివారికే తెలుసు. ఆ వేళకు అడ్డుపడిన సంగతులు 2025లో రెండు జరిగాయి. అనేక కుటుంబాలు 2003 నుండి అలవాటు పడిన స్కైప్ ఆ సంవత్సరం మే 5న మూతపడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లలో చాలా వాటికి విండోస్ 11 పట్టదు. గనుక సెలవులకు వచ్చిన కుమారుడో అల్లుడో పాత కంప్యూటరులో లినక్స్ వేసి వెళ్ళిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి. కంప్యూటరు బాగానే నడుస్తున్నది. అయితే "ఇక అబ్బాయితో దేనిలో మాట్లాడాలి?" అన్న ప్రశ్న మిగిలింది. ఈ నెల ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలని మా ప్రయత్నం.

చేతిలో సెల్‌ఫోను ఉండగా కంప్యూటరు ఎందుకని కొందరు అడుగవచ్చును. చూపు మందగించిన పెద్దలకు పెద్ద తెర కావాలి. మనవడి ముఖాన్ని ఇంటిల్లిపాదీ ఒకేసారి చూడాలంటే ఫోను చాలదు. చేయి నొప్పి పెట్టకుండా గంటసేపు మాట్లాడాలంటే కూడా కంప్యూటరే హాయి.

లినక్స్ అంటే భయం వద్దు

1991లో ఫిన్లాండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని ఇది. ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును, తెరచి చూడవచ్చును, మార్చుకొనవచ్చును. ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఉబుంటు, లినక్స్ మింట్ అనే రకాలు. మీ కంప్యూటరు తెరిచినప్పుడు ఏ పేరు కనిపిస్తుందో ఒక కాగితం మీద వ్రాసి ఉంచుకోండి. ఎవరినైనా సలహా అడిగినప్పుడు మొదట కావలసింది ఆ పేరే.

ఖర్చు ఎక్కడ పడుతుంది?

ఎస్.టి.డి. బూతులో మీటరు అంకెలు చూస్తూ గబగబా మాట్లాడి పెట్టేసిన రోజులు మనలో అనేకులకు గుర్తే. అప్పుడు దూరాన్ని బట్టి, నిమిషాన్ని బట్టి డబ్బు. మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడడానికి 2002 ఏప్రిల్ 1 నుండి అనుమతి వచ్చింది. ఇంటర్నెట్‌లో దూరానికి ధర లేదు. హైదరాబాదు నుండి విజయవాడకైనా, డల్లాస్‌కైనా ఒకే లెక్క.

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. ఇరువైపులా ఇంటర్నెట్ ఉండి, ఇరువురూ ఒకే సేవను వాడితే, డేటా ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. ఒకవైపు మామూలు ఫోను నంబరు ఉంటే నిమిషాల లెక్కన డబ్బు పడుతుంది. ఎందుకంటే ఆ చివర ఉన్న టెలిఫోను కంపెనీకి ఎవరో ఒకరు రుసుము చెల్లించాలి.

ఇక డేటా సంగతి. మాట మాత్రమే అయితే గంటకు సుమారు 30 నుండి 60 ఎం.బి. చాలును. బొమ్మ కూడా కావాలంటే దాని స్పష్టతను బట్టి గంటకు అర జి.బి. నుండి ఒకటిన్నర జి.బి. వరకు పోవచ్చును. రోజుకు 1.5 జి.బి. ఇచ్చే సెల్‌ఫోను పాక్‌ను కంప్యూటరుకు కలుపుకొని వాడేవారు ఈ తేడాను గమనించాలి. మొదట అయిదు నిమిషాలు ముఖాలు చూసుకొని, తరువాత కెమెరా ఆపి మాట్లాడుకుంటే పాక్ నిలుస్తుంది, మాట కూడా తెగకుండా వస్తుంది.

ఏమీ వేసుకోకుండా బ్రౌజరులోనే

లినక్స్ వారికి ఇదే అన్నిటికంటె సులువైన మార్గము. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ వంటి బ్రౌజర్లలోనే మాట, బొమ్మ పంపుకొనే ఏర్పాటు ఉంది. దానిని వెబ్‌ఆర్‌టిసి అంటారు. 2021 జనవరిలో అది అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. దానివలన విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి అనే భేదం చాలా వరకు పోయింది.

గూగుల్ మీట్: జీమెయిలు ఖాతా ఉన్నవారు వెంటనే మొదలుపెట్టవచ్చును. ఉచిత ఖాతాలో ఇద్దరే మాట్లాడుకుంటే 24 గంటల వరకు, ముగ్గురు లేక అంతకంటె ఎక్కువమంది అయితే 60 నిమిషాల వరకు అనుమతి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ కలిసేటప్పుడు గంటకు ఆగిపోతుందని ముందే తెలిసి ఉండాలి.

జిట్సీ మీట్: ఇది తెరచి ఉంచిన సాఫ్ట్‌వేరు. 2023 ఆగస్టు నుండి మాటను మొదలుపెట్టేవారు మాత్రం గూగుల్ వంటి ఒక ఖాతాతో లోపలికి రావాలి. మిగిలినవారికి ఏ ఖాతా అక్కరలేదు, పంపిన లింకును నొక్కితే చాలును. గనుక పరదేశంలో ఉన్న బిడ్డ మొదలుపెట్టి, ఇంటివద్ద పెద్దలు లింకు నొక్కే పద్ధతి పెట్టుకుంటే తల్లిదండ్రులకు పాస్‌వర్డుల బాధ ఉండదు.

ప్రోగ్రాము వేసుకొని మాట్లాడేవి

జూమ్ సంస్థ లినక్స్‌కు వేరుగా ప్రోగ్రాము ఇస్తున్నది. ఉచితంగా వాడితే 40 నిమిషాలకు ఆగుతుంది, మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. టెలిగ్రామ్ లినక్స్ ప్రోగ్రాములో మాట, బొమ్మ రెండూ పనిచేస్తాయి. సిగ్నల్ కూడా ఉబుంటు, మింట్ రకాలలో నడుస్తుంది. అయితే మొదట ఫోనులో సిగ్నల్ పెట్టుకొని, కంప్యూటరు తెరపై వచ్చే గడుల బొమ్మను ఆ ఫోనుతో స్కాన్ చేసి రెంటినీ జతపరచాలి. ఫోను చేసి "మేము పంపిన బొమ్మను స్కాన్ చేయండి, కోడు చెప్పండి" అనే అపరిచితుల మాట మాత్రం ఎన్నడూ వినవద్దు. అలా చేస్తే మీ ఖాతా వారి చేతికి వెళ్తుంది.

లిన్‌ఫోన్ అనేది 2001 నుండి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేరు. లినక్స్‌లోను, ఫోన్లలోను నడుస్తుంది. ఇరువురూ ఉచిత ఖాతా తీసుకుంటే ఒకరినొకరు ఖర్చు లేకుండా పిలుచుకొనవచ్చును. మామూలు ఫోనులాగా గంట మ్రోగుతుంది గనుక లింకులంటే చిరాకుపడే పెద్దలకు ఇది నచ్చవచ్చును. ఏర్పాటు చేయడానికి మాత్రం మొదటిసారి తెలిసినవారి సహాయం కావాలి.

వాట్సాప్ సంగతి అందరూ అడుగుతారు. ఆ సంస్థ కంప్యూటరు ప్రోగ్రామును విండోస్, మ్యాక్ వారికే తయారుచేసింది. లినక్స్ వారు బ్రౌజరులో తెరచుకోవాలి. అక్కడ కాల్ గుర్తు కనిపిస్తే సరి. లేకపోతే సందేశాలకు కంప్యూటరు, మాటకు ఫోను అని సరిపెట్టుకోవాలి. లినక్స్‌కు వాట్సాప్ అంటూ ఎవరెవరో చేసి పెట్టిన ప్రోగ్రాములను వేసుకోకపోవడం క్షేమం. ఏ ప్రోగ్రామునైనా లినక్స్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజరు నుండి గాని, ఆ సంస్థ సొంత వెబ్‌సైటు నుండి గాని మాత్రమే తీసుకోండి.

మామూలు ఫోను నంబరుకు చేయాలంటే

ఊరిలో ఉన్న నాయనమ్మకు ఇంటర్నెట్ లేదనుకుందాము. అప్పుడు నిమిషాలు కొనుక్కొని చేసే సేవలు ఉన్నాయి. అమెరికాలో ఉన్నవారికి గూగుల్ వాయిస్ బ్రౌజరులోనే పనిచేస్తుంది గనుక లినక్స్‌లోనూ ఇబ్బంది లేదు. భారతదేశపు నంబర్లకు అది నిమిషాల లెక్కన తీసుకుంటుంది. మన దేశంలో ఉండి దాని ఖాతా తెరవడం కుదరదు. ఇక్కడ ఇంటర్నెట్ నుండి ఫోను నంబర్లకు కలిపే సేవ లైసెన్సు ఉన్న సంస్థలకే అనుమతి. గనుక ఎక్కడో చవకగా ఇస్తామన్న తెలియని సేవకు డబ్బు కట్టవద్దు. ఇటువంటి ఇంట్లో పిలిచే బాధ్యత పరదేశంలో ఉన్న బిడ్డలే తీసుకోవడం మేలు.

నిమిషాలు కొనేముందు నాలుగు సంగతులు చూడండి. ల్యాండ్‌లైనుకు, సెల్‌ఫోనుకు ధర ఒకటేనా? కాల్ కలిపినందుకు వేరే రుసుము ఉందా? పది సెకన్లు మాట్లాడినా నిమిషం లెక్క వేస్తారా? కట్టిన సొమ్ముకు గడువు ఉందా? నిమిషం ధర తక్కువగా చూపి, మిగతా మూడింటిలో రాబట్టుకొనే సేవలు లేకపోలేదు.

గల్ఫ్‌లో ఉన్నవారి విషయం

గోదావరి జిల్లాల నుండి, కడప నుండి, కరీంనగర్, నిజామాబాదుల నుండి గల్ఫ్‌కు వెళ్ళినవారు ఎందరో. వారి ఇళ్ళవారికి ప్రత్యేకంగా ఒక మాట. యు.ఏ.ఈ.లో ప్రభుత్వ అనుమతి ఉన్న కాలింగ్ సేవలనే వాడాలి. వాట్సాప్‌లో అక్కడికి సందేశాలు వెళ్తాయి గాని కాల్స్‌కు అనుమతి లేదు. అది మీ లినక్స్ తప్పు కాదు, కంప్యూటరు మార్చినా లాభం లేదు. టీమ్స్, జూమ్, గూగుల్ మీట్ వంటివి అక్కడి అనుమతి జాబితాలో చేరాయి. టీమ్స్, మీట్ బ్రౌజరులోనే తెరచుకుంటాయి గనుక మన వైపు లినక్స్ ఉన్నా చిక్కు లేదు. ఆ జాబితా మారుతూ ఉంటుంది. అక్కడ ఉన్నవారు తమ ఫోను కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

వి.పి.ఎన్. పెట్టుకొని దాటేయమని కొందరు చెప్తారు. నిషేధాన్ని తప్పించుకోవడానికి అలా చేస్తే అక్కడి చట్టం ప్రకారం భారీ జరిమానాకు, శిక్షకు అవకాశం ఉంది. అప్పు చేసి వెళ్ళిన మనిషి ఒక కాల్ కొరకు ఉద్యోగాన్ని ప్రమాదంలో పెట్టుకోకూడదు. ఇక్కడి నుండి "ఎందుకు చేయడం లేదు?" అని ఒత్తిడి చేసే మనం కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి.

గొంతు వినబడకపోతే

"మా లినక్స్‌లో మాట పోవడం లేదు" అన్న ఫిర్యాదులో చాలాసార్లు కారణం వైరే. పాత కంప్యూటరుకు చెవికి ఒకటి, మైకుకు ఒకటి చొప్పున రెండు రంధ్రాలు ఉంటాయి. సెల్‌ఫోను ఇయర్‌ఫోనుకు పిన్ను ఒక్కటే. దానిని ఆకుపచ్చ రంధ్రంలో పెడితే మీకు వినబడుతుంది గాని మీ గొంతు అవతలికి వెళ్ళదు. రెండు పిన్నులుగా విడదీసే చిన్న వైరు గాని, యు.ఎస్.బి. హెడ్‌సెట్టు గాని కొనండి. యు.ఎస్.బి. హెడ్‌సెట్లను లినక్స్ సాధారణంగా వెంటనే గుర్తిస్తుంది.

అప్పటికీ రాకపోతే సౌండ్ సెట్టింగులలో ఇన్‌పుట్ అన్నచోట మీ మైకు ఎంపికై ఉన్నదో లేదో చూడండి. మాట్లాడినప్పుడు అక్కడి గీత కదలాలి. తరువాత బ్రౌజరు "మైక్రోఫోను వాడవచ్చునా?" అని అడిగినప్పుడు అనుమతి ఇచ్చారా చూడండి. ఒకసారి కాదని నొక్కితే మళ్ళీ అడగకపోవచ్చును. చిరునామా పెట్టె ప్రక్కన ఉన్న గుర్తును నొక్కి దానిని మార్చాలి. అవతలివారికి వారి గొంతే తిరిగి వినబడుతుంటే మీ స్పీకర్లు ఆపి హెడ్‌సెట్టు పెట్టుకోండి. మాట తెగిపోతుంటే వై-ఫై బదులు వైరుతో కలపండి.

ఇంట్లో చేసుకోవలసిన నిర్ణయం

ఒకే తలుపు మీద ఆధారపడకూడదని స్కైప్ మూతపడినప్పుడు అనేకులకు తెలిసివచ్చింది. ఎంత పెద్ద సంస్థ అయినా ఒకనాడు తన సేవను ఆపవచ్చును. గనుక ప్రతి కుటుంబమూ మూడు సంగతులు నిర్ణయించుకోవాలని మా మనవి. మొదటిది, రోజూ వాడే సేవ ఒకటి. దానిని ఇంట్లో కంప్యూటరు బాగా తెలిసినవారు కాదు, అందరికంటె తక్కువ తెలిసినవారు వాడి చూసి ఎంచుకోవాలి. రెండవది, అది పనిచేయని రోజుకు మరొకటి. నెలకొకసారి దానిలో కూడా మాట్లాడి సరిచూసుకోవాలి. మూడవది, ఆ రెండూ లేనప్పుడు పిలువవలసిన మామూలు ఫోను నంబరు.

ఈ మూడింటిని పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసి కంప్యూటరు ప్రక్కన అంటించండి. మాట్లాడే వేళ కూడా వ్రాయండి. కువైట్ గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. న్యూయార్కు వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక. మార్చిలోను, నవంబరులోను అక్కడ గడియారం మారినప్పుడు ఇక్కడ అమ్మ గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చోకుండా ఆ కాగితం కాపాడుతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. పైన చెప్పిన ఇంటర్నెట్ సేవలలో దేనినీ అత్యవసర సమయానికి నమ్ముకోవద్దు. కరెంటు పోతే మోడెం ఆగుతుంది, దానితో మాటా ఆగుతుంది. అంబులెన్సుకైనా, పోలీసుకైనా 112కు మామూలు ఫోను నుండే చేయాలి. గనుక లినక్స్ ఎంత బాగా నడుస్తున్నా పెద్దలు ఉన్న ఇంట్లో చార్జి నిండిన ఒక ఫోను ఎప్పుడూ చేతికి అందేచోట ఉంచండి.